'డి' అంటే తర్వాత

టర్టిల్ ఫోర్క్, నార్త్ డకోటా
1984 అక్టోబరు 8, సోమవారం

ప్రియమైన హార్లన్ గారికి,

పదిహేనేళ్లుగా క్రిస్మస్ కార్డు కింద సంతకం తప్ప మీకు నేను రాసిందేమీ లేదు. ఇప్పుడు మీ మీద ఒక నిందను నన్ను టైపు చేయమన్నారు. చేతులు రాక కలం పట్టుకున్నాను.

మన ఆరో ఛానల్‌కు వచ్చే నెల ముప్ఫై ఏళ్లు నిండుతాయి. కొత్త మేనేజరు కర్టిస్ బేమ్ స్టేషన్ చరిత్రను చిన్న పుస్తకంగా వేయిస్తున్నాడు. మంచివాడే, తొందర ఎక్కువ. మొదటి పేజీలు సంతోషంగానే టైపు చేశాను. చక్కెర దుంపల గోదాములో స్టేషన్ పెట్టడం, న్యూయార్క్ నుంచి కార్యక్రమాలు పంపే రెండు నెట్‌వర్కులతో ఒకేసారి ఒప్పందం చేసుకోవడం, వారం రోజులూ పెద్దదానివి, శనివారం చిన్నదానివి చూపించడం, అన్నీ ఉన్నాయి. "రెండు నెట్‌వర్కులున్న స్టేషనూ, ఇద్దరు అత్తలున్న కోడలూ ఒకటే" అని మీరనేవారు కదా, అది కూడా వేశాడు. మీ పేరు మాత్రం వేయలేదు.

మీ పేరు పదకొండో పేజీలో వచ్చింది. "1969లో ప్రోగ్రాం మేనేజరు హార్లన్ మో మొండితనంతో కార్యక్రమాలను తిరస్కరించడం వల్ల పెద్ద నెట్‌వర్కు మనల్ని వదిలి నదికి అవతలి స్టేషన్‌తో చేతులు కలిపింది. తొమ్మిదేళ్లు శనివారం తప్ప మనకు దిక్కు లేకపోయింది." ఇదీ వాక్యం. శుక్రవారం పుస్తకం అచ్చుకు వెళుతుంది.

మీరు ఒక్క కార్యక్రమాన్నీ తిరస్కరించలేదు. నాకు తెలుసు, ఎందుకంటే వాళ్ల కార్యక్రమాల్లో ఏవి ఎప్పుడు వేస్తామో చెబుతూ ప్రతి వారం నెట్‌వర్కుకు ఫారం నింపింది నేను. గురువారాలు హైస్కూలు బాస్కెట్‌బాల్ చూపించేవాళ్లం కాబట్టి వాళ్ల కార్యక్రమాలను టేపు మీద పట్టి శనివారం మధ్యాహ్నం వేసేవాళ్లం. అలాంటి వాటి ఎదురుగా 'డి' అని కొట్టేదాన్ని. మన ఆఫీసులో 'డి' అంటే డిలే, తర్వాత వేస్తామని. 1968 సెప్టెంబరులో నెట్‌వర్కు ఫారం మార్చింది. తర్వాత వేసేవాటికి టేపు అనే అర్థంలో 'టి' అని రాయాలట. 'డి' అంటే డిక్లైన్, మాకు వద్దని. నేను పాత అలవాటుతో శీతాకాలమంతా 'డి'లు కొట్టుకుంటూ పోయాను. మొత్తం నలభై ఒకటి. ఇన్ని వద్దనే స్టేషన్ మాకెందుకని వాళ్లు వెళ్లిపోయారు. మీ ఉద్యోగం పోయింది.

పోయిన వారం ఈ పుస్తకం కోసం పాత పెట్టెలు దించితే వాళ్ల సూచనల కాగితం దొరికింది. అప్పుడు అర్థమైంది. తప్పు నాది. కర్టిస్‌కు చెప్పేముందు మీకు చెప్పడం ధర్మం అనిపించింది.

ఇంట్లో జూనెట్ గారిని అడిగానని చెప్పండి. మీ ఇద్దరి కోసం రోజూ ప్రార్థిస్తున్నాను.

గౌరవంతో,
ఓర్ఫా ట్వైట్


బెమిడ్జి, మిన్నెసోటా
అక్టోబరు 10 (పోస్టుకార్డు)

ఓర్ఫా, ఎవరికీ ఏమీ చెప్పకు. వెనకాలే ఉత్తరం వస్తోంది. హా. మో.


బెమిడ్జి
1984 అక్టోబరు 10, బుధవారం

ప్రియమైన ఓర్ఫా,

కార్డు ముందు వేశాను. నువ్వు నెమ్మదైన మనిషివే గాని, తప్పు ఒప్పుకునే పని పడితే నిన్నెవరూ ఆపలేరని నాకు తెలుసు. ఈ ఉత్తరం పడవల రేవు దగ్గర నా కొట్లో కూర్చుని రాస్తున్నాను. చెరువు గడ్డకట్టేలోగా ఊళ్లోవాళ్లంతా తమ పడవ మోటార్లు తెచ్చి నా ముందు పడేశారు. జూనెట్ అంటుంది, "టీవీలో ఉన్నప్పుడు నీ మాట ఎవరూ వినలేదు, ఇప్పుడు మోటార్లతో మాట్లాడుకుంటున్నావు, అవీ వినవు" అని.

ఇక అసలు సంగతి. ఆ సూచనల కాగితం సెప్టెంబరులో నా పేరుతోనే వచ్చింది. న్యూయార్క్ నుంచి వచ్చే కాగితాలన్నీ ఒకేలా ఉంటాయని చదవకుండా బల్ల సొరుగులో పడేశాను. నీకు ఇవ్వలేదు. నువ్వు కొట్టిన ప్రతి ఫారం కింద సంతకం పెట్టింది నేను. చూడకుండా పెట్టాను. మార్చిలో వాళ్లతో ఫోనులో పోట్లాడాక నకళ్లు తీసి చూసుకుంటే నవ్వొచ్చింది, తర్వాత సొరుగులోంచి ఆ కాగితం తీసి మొదటిసారి చదివాను. యజమాని దగ్గరికి వెళ్లి, "నేనే వద్దనమన్నాను" అని చెప్పాను. వచ్చిన కాగితం చదవలేదని చెప్పుకోవడం కంటే మొండివాణ్ణనిపించుకోవడం మేలనుకున్నాను. మగవాడి గర్వం అంతే. అందుకని పదకొండో పేజీ అలాగే ఉండనీ. నాకు డెబ్బై ఒకటి. ఇక్కడ ఎవరూ ఆ ఛానల్ చూడరు.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. వెళ్లిపోయిన రోజు పొద్దున ఆ కాగితాన్ని నీ టైప్‌రైటర్ మీద పెట్టాను. అంచున "ఇక డి కొట్టకు" అని పెన్సిల్‌తో రాశాను. ఒప్పందం ముగిసేదాకా ఫారాలు పంపాలి కదా, కొత్తగా వచ్చేవాడి దగ్గర నీకు మాట రాకూడదని. నువ్వు చూశావని, అంతా తెలిసి కూడా పెదవి విప్పలేదని ఇన్నేళ్లూ అనుకున్నాను. నిన్ను తప్పుపట్టలేదు. అయినా ప్రతి క్రిస్మస్‌కూ నీ కార్డు తెరిచినప్పుడు, సంతకం పైన ఇంకో రెండు మాటలున్నాయేమోనని వెతికేవాణ్ణి. పోయిన వారమే పెట్టెలో దొరికిందన్నావు. అంటే ఆ రోజు ఊడ్చేవాళ్లెవరో తీసి పెట్టెలో పడేసి ఉంటారు. నువ్వు చూడనేలేదు. ఈ మాట చదివాక నాకెంత తేలికైందో చెప్పలేను. జూనెట్‌కు చదివి వినిపించాను. "చెప్పలేదూ, ఆ పిల్ల అలాంటిది కాదని" అంది.

ఆ పేజీ టైపు చేసెయ్. ఒక కప్పు కాఫీ తాగు.

నీ పాత అధికారి,
హార్లన్


టర్టిల్ ఫోర్క్
1984 అక్టోబరు 14, ఆదివారం

ప్రియమైన హార్లన్ గారికి,

మీ ఉత్తరం శుక్రవారం పొద్దున వచ్చింది. కోటు విప్పకుండానే కర్టిస్ గదిలోకి వెళ్లి, ఆ 'డి'లు నేను కొట్టినవని చెప్పాను. ఫారం నకళ్లు చూపించాను. సొరుగు సంగతి చెప్పలేదు. అది మీరు చెప్పుకోవలసింది.

అతను నకళ్లు తిరగేసి, "మిస్ ట్వైట్, ఒక్క అక్షరం కోసం నెట్‌వర్కు పోయిందని రాస్తే జనం మనల్ని చూసి నవ్వుతారు" అన్నాడు.

నవ్వనివ్వమన్నాను. అతను ఒప్పుకోలేదు, కానీ మీ పేరు కొట్టేశాడు. ఇప్పుడు పదకొండో పేజీలో "1969లో నెట్‌వర్కు నదికి అవతలి స్టేషన్‌కు మారింది" అని మాత్రమే ఉంది. దిక్కు లేకపోయింది అన్న మాట తీసేసి, ఆ తొమ్మిదేళ్లూ మనం సొంతంగా చూపించినవి రాయమన్నాను. పందుల సంత ధరలు, చర్చి పాటల బృందాలు, బౌలింగ్ పోటీలు. అవి రాశాడు. పుస్తకం అచ్చుకు వెళ్లింది.

అక్కడితో నా పని అయిపోయిందని చెప్పగలిగితే బాగుండేది.

హార్లన్ గారూ, ఆ కాగితం నేను చూశాను. పోయిన వారం కాదు. మీరు వెళ్లిన రోజే, ఎనిమిదింటికి ఆఫీసులోకి రాగానే. మీ పెన్సిల్ రాత చదివాను. మీరు అప్పటికి వాకిట్లోనే ఉన్నారు, కారు మంచులో కూరుకుపోతే చక్రాల కింద ఇసుక చల్లుకుంటున్నారు. కిటికీలోంచి కనిపించారు. బయటికి వచ్చి యజమానిని పిలిచి రెండు మాటలు చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. అమ్మ తుంటి విరిగి మంచం మీద ఉంది, ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. అది కారణమే, కాని సాకు కాదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. మీ కారు కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను.

ప్రతి ఆదివారం చర్చిలో తెలిసి చేసినవీ తెలియక చేసినవీ క్షమించమని అందరితో కలిసి చెబుతాను. 'డి'లు తెలియక చేసినవి. కిటికీ దగ్గర నిలబడడం తెలిసి చేసింది. అందుకే కార్డు మీద సంతకం పైన రాయడానికి మాటలు దొరకలేదు. చివరికి మొన్న రాసినప్పుడు కూడా పెట్టెలో దొరికిందని అబద్ధం రాశాను. ఆ అబద్ధం మీకు తేలికనిచ్చిందన్నారు. ఆ వాక్యం చదివాక రెండు రోజులు ఆలోచించాను, ఉండనిస్తే ఏం పోతుందని. మీకూ హాయి, నాకూ హాయి. కానీ మీ దగ్గర మంచిదాన్నని అనిపించుకోవడం కూడా మీ దగ్గర దొంగిలించినట్టే అవుతుంది.

జూనెట్ గారికి ఏం చెప్పాలో మీ ఇష్టం. నన్ను క్షమించమని అడగడం లేదు. అది అడగవలసిన చోట అడుగుతున్నాను. మీరు అనుకున్నదే నిజం, నాకు తెలుసు, తెలిసి ఊరుకున్నాను. ఇన్నేళ్లూ మీరు పొరబడలేదు.

ఈ ఉత్తరాలు పారేయకండి, ఎక్కడైనా భద్రంగా పెట్టండి. జరిగింది జరిగినట్టు రాసి ఉన్నది వీటిలోనే. కానీ ఎవరికీ చూపించకండి. చూపిస్తే, ఎంత నిజాయితీగా ఒప్పుకుందో అని ఎవరో ఒకరు నన్ను మెచ్చుకుంటారు.

ఓర్ఫా