యుద్ధంనాడంటే ఎన్నాళ్లు

1971 డిసెంబరు 6
నాలుగో తరగతితో ఆపేసిన చదువు. ఒత్తులు తప్పుతాయి, అక్షరం గీత మీద నిలవదు. మన్నించు, పుస్తకమా. నోటితో ఎవరికీ చెప్పలేక నీ మీద రాస్తున్నాను. ఆయన హార్బరుకు వెళ్లి మూడు రోజులు. యుద్ధకాలమని నోటీసు అంటించారట, ఆయనలా ఓడల మీద పనిచేసే ఖలాసీలకు సెలవు లేదట.

డిసెంబరు 8
విమానాలకు దీపం కనబడకుండా కిటికీ అద్దాలకు మైదా జిగురుతో నల్లకాగితం అంటించాము. పగలే చీకటి. కూర్చోలేను, నిలబడలేను... ఏడో నెల. డాబా ఎక్కితే ఆయన పనిచేసే టగ్గు, ఓడల్ని లాగే పడవ, కొండ పక్కనుంచి సముద్రంలోకి పోతూ కనిపించింది. తిరిగి రావడం చూడలేదు.

డిసెంబరు 11
అత్తకు యుద్ధంనాడంటే ఇది కాదు. ఆవిడ పడుచుతనంలో, జపాను బాంబులకు భయపడి విశాఖపట్నం ఖాళీ అయినప్పటిది. ఊరికి పారిపోతుంటే దారిలో, బండిలోనే ఆయన పుట్టారు. తేదీ ఎవరికీ తెలియదు. వయసు అడిగితే "యుద్ధంనాటోడు" అంటుంది, అంతే. ఇదీ యుద్ధమే కదా అన్నాను.
"ఊరొగ్గేసి పారిపోనామేటి? పో, బియ్యం నానబెట్టు."

డిసెంబరు 12
హార్బరు వైపు ఏదో చప్పుడు. డాబా ఎక్కి చూశాను, ఏమీ కనిపించలేదు.

డిసెంబరు 18
యుద్ధం ఆగిందని రేడియోలో చెప్పారు. వీధిలో మిఠాయి పంచారు. నల్లకాగితం గోటితో గీకబోతే అత్త చెయ్యి పట్టుకుంది.
"ఆడొచ్చినాక తియ్యే."

డిసెంబరు 21
రాలేదు. పక్కింటి సత్యవతి భర్త పోర్టులో గుమాస్తా. తల వంచుకునే గోడ ఇవతలనుంచి అడిగాను. యుద్ధం అయిపోయింది గాని యుద్ధకాలం అవ్వలేదన్నాడు. ఆ నోటీసు తీసేస్తూ ఇంకో కాగితం రావాలట. అంతవరకు టగ్గు ఎక్కడుందో అడగకూడదు, ఓడల సంగతి ఎక్కడా రాయకూడదు.
నేను రాశాను కదా.

డిసెంబరు 23
ఆ యుద్ధంనాడు ఎప్పుడయిపోయింది అత్తా, అని అడిగాను. చేట పక్కన పెట్టింది.
"ఏటో... మీ ఆయన నడిసీసరికి యుద్ధం నేదు."
నా కడుపులోది పుట్టడానికే ఇంకా రెండు నెలలు. నడవడానికి మరో ఏడాది.

డిసెంబరు 27
కాగితం రాలేదు. ఆయనా రాలేదు. పురిటికి తీసుకెళ్తానని నాన్న వచ్చాడు, కదలనన్నాను. కోపంగా వెళ్లిపోయాడు. ఈ పుస్తకం చింపడానికి చేతులు రావడం లేదు — ఆయన టగ్గును చూసిన రోజు ఇందులోనే ఉంది. ఎవరికైనా దొరికితే ముందు యుద్ధకాలం అయిపోయిందా అని హార్బరులో అడగండి. ఇంకా యుద్ధకాలమే అంటే, చదవకుండా పొయ్యిలో పెట్టేయండి.