ఖాళీ మూలకు కూలి

సోములూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన కాలేజీ కబడ్డీ జట్టు మళ్లీ ఆడింది. నువ్వు పొద్దంతా పామాయిల్ గెలలు మోసి, ఆకలితోనే ఆడేవాడివి. ఆటగాళ్ల కోసం జనం తువ్వాలు పరిచి చందాలు వేస్తుంటే నాకు మండింది.

"మీరెందుకేస్తరు? వీళ్ల ఫోటోలతో సీట్లు నింపుకునే కాలేజీనే కూలియ్యాలె" అని తువ్వాలు లాగబోయాను.

నువ్వు కాపుకాసే ఎడమ మూలను ఖాళీగా వదిలి మనవాళ్లు ఆరుగురే ఆడారు. కూతకొచ్చిన అవతలి జట్టు కారేపల్లి పిల్లవాడు అక్కడే బోర్లాపడ్డాడు. దగ్గర్లో ఎవరూ లేరు.

"నా కాలు ఇడ్సిపెట్టమను అన్నా" అన్నాడు గీత బయటున్న నాతో.

ఆటయ్యాక అతను కుంటుతూ వచ్చి తువ్వాల్లో నోటు వేశాడు. "గా మూలనున్నోనికి. మస్తు పట్టిండు."

రేపు మీ కూలి కోసం ప్రిన్సిపాల్ గది ముందు కూర్చుంటాను. ఇవాళ మాత్రం నేనూ జేబులో చెయ్యి పెట్టాను.