గుడ్డ సంచుల కుట్టు

మరిదికి,

వదిన దీవెనలు. ఉత్తరం చూసి కంగారుపడకు. మీ అన్నయ్య బాగానే ఉన్నారు, బాగానే అంటే నీకు తెలుసుగా.

ముక్కులోంచి వేసిన తిండి గొట్టం తీయించి ఆయన్ని ఇంటికి తెచ్చేశాను. నీకు కోపమొస్తుందేమోనని మూడు రోజులుగా నిద్ర లేదు. "అన్నయ్యని ఆకలితో చంపుతావా వదినా" అని ఫోనులో అన్నావు. డాక్టరమ్మని అదే అడిగాను. జబ్బు తగ్గేది కాదట, ఇప్పుడు ఆకలి బాధ అంతగా ఉండదట, తిన్నంత పెడితే చాలట.

మూడుసార్లు గొట్టం పీకేశారని ఆస్పత్రిలో చేతులకి గుడ్డ సంచులు కట్టారు. దర్జీ చేతులు కదా, గోటితో కుట్టు విప్పుకుని నాలుగోసారీ పీకేశారు. నర్సమ్మ నవ్వింది. నేనూ నవ్వాను, తర్వాత ఏడ్చాను. యాభై ఏళ్ల కాపురంలో ఆయన ఇంత గట్టిగా వద్దనడం ఎప్పుడూ చూడలేదు.

నిన్న రెండు చెంచాల ఐస్‌క్రీమ్ తిన్నారు. దుప్పటి అంచు తడుముతూ, వంకర కుట్టు తగిలితే మొహం చిట్లించారు. అబ్బ, ఎన్నాళ్లకో చూశాను ఆ మొహం.

ఇంక కొన్ని వారాలేనట, తొందరగా రా. తిట్టాలనుంటే గుమ్మం బయటే తిట్టెయ్యి, పడతాను. లోపలికి మాత్రం ఆయన దగ్గర నేర్చుకుని నువ్వు కుట్టిన చొక్కా తొడుక్కుని రా. తప్పులు పట్టడానికి ఆయనకి ఏదో ఒకటి ఉండాలిగా.

మీ వదిన