కోదాడ బస్టాండులో నీ కోలాటం పాట

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ సంవత్సరీకానికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. గిన్నెలు కడిగే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

పోయిన వారం కోదాడ బస్టాండులో ఒకాయన నా ముందే కుప్పకూలాడు. పిలిస్తే పలకలేదు, ఊపిరి లేదు. నువ్వు పడిపోయిన రోజు నీళ్లు చల్లి, విసనకర్రతో విసిరాం. అంతకుమించి మాకెవరికీ తెలియదు. నువ్వు పోయిన తరువాత సూర్యాపేటలో మా అంగన్‌వాడీ టీచర్లకు ఒక డాక్టరమ్మ, గుండె ఆగితే ఛాతీ మీద ఒత్తడం నేర్పింది. "లయ తప్పొద్దు. బాగా తెలిసిన హుషారు పాట ఏదన్న పాడుకుంట ఒత్తున్రి" అంది.

బస్టాండులో ఒత్తడం మొదలుపెట్టగానే నా నోటికి నువ్వు నేర్పిన కోలాటం పాటే వచ్చింది. పాటలో కోలాటం కర్రలు తగలాల్సిన ప్రతి దెబ్బకూ ఒకసారి ఒత్తాను.

"మనిషి సస్తుంటే పాటలేందమ్మా?" అని ఎవరో అరిచారు. ఆపలేదు. నా చేతులు పడిపోతుంటే కండక్టర్ ఒత్తడం అందుకున్నాడు, నేను పాడుతూనే ఉన్నాను. చివరికి ఆయన మూలిగాడు. జీపులో దవాఖానకు తీసుకెళ్లారు. నాకు భుజాలు ఇంకా లేవడం లేదు.

నిన్న ఆయన భార్య ఆ కండక్టర్‌ను అడిగి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మనిషి లేచి కూర్చున్నాడట.

"గా పాట ఎవరు నేర్పిన్రక్కా?"

"మా అన్న."

"ఆయన్ను గూడ తోల్కరా. మా ఇంట్ల ఇంత బువ్వ తిని పోదురు."

నిన్ను బతికున్న మనిషిలా ఎవరైనా పిలిచి చాలా రోజులైంది. "అట్లనే" అన్నాను.

నీ చెల్లె