రాట్నం దగ్గర భార్య

చంద్లాపూర్
మంగళవారం

అవ్వకు,
నీ కూతురు త్రివేణి దండాలు పెట్టి రాస్తున్నది. ఫోన్‌లో చెబుదామంటే నీకు సగం వినబడదు, వినబడిన సగానికి తిడతావు. ఈ ఆదివారం నన్ను చూడ్డానికి రాకు.

ఇక్కడి పాతకాలపు పల్లెలో చీరలు నేస్తున్నానని చెప్పాను కదా, అది అబద్ధం. వేషాలు కట్టి వందేళ్ల కిందటి బతుకు చూపించే జాగ ఇది. అప్పుడు ఆడవాళ్లు మగ్గమెక్కలేదని మేనేజర్ రత్నాకర్ సారు ఎక్కడో చదివాడట. మగ్గం గుంటలో సాయికిరణ్‌ని కూర్చోబెట్టాడు. నాటకాలాడే పిల్లగాడు, మీసం బాగుంటుంది, తెగిన పోగు అతకడమే రాదు. నేను వాడి భార్యను. రాట్నం తిప్పుతూ, ఎవరేమడిగినా "మా ఆయన్ని అడుగుండ్రి" అనాలి. పదిహేనేళ్లు నేసినదాన్ని, కళ్ల ముందు బట్ట పాడవుతుంటే నోరు కుట్టేసుకుని కూర్చుంటున్నాను. ఊపిరాడదవ్వా. రెండేళ్లకు సంతకం పెట్టాను. తిరిగొద్దామన్నా మన మగ్గం విప్పేసి, అది ఉన్న గది కిరాయికిచ్చాం. నాకు నేత నేర్పిన నువ్వు నన్నిట్లా చూడొద్దు.

నీ బిడ్డ
త్రివేణి

చంద్లాపూర్
బుధవారం

మాట వినని మా అవ్వకు,
రాకు అంటే ఆదివారం దుబ్బాక నుంచి మొదటి బస్సుకే దిగావు. చెవులు పోయినా నీ కళ్లు పోలేదు. జనంలోంచే అరిచావు.

"ఓ కొడుకా, పోగు తెగింది. ఆపు!"

సాయికిరణ్ నవ్వుతూనే ఉన్నాడు. నువ్వు నావైపు చూశావు. కన్నతల్లితో "మా ఆయన్ని అడుగుండ్రి" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. నువ్వు చెప్పులు విడిచి, మగ్గానికి మొక్కి గుంటలో దిగావు. రత్నాకర్ సారు ఉరికొచ్చాడు.

"అమ్మా, గప్పుడు ఆడోళ్లు నేయలేదు."

"మా అవ్వ నేసింది. మీ వందేండ్లల్ల డెబ్బై రెండేండ్లు నేనే ఉన్న. నువ్వేడున్నవ్ సారూ?"

పోగు అతికిందాకా నువ్వు గుంటలోంచి లేవలేదు. నువ్వు వెళ్లాక సారు, "మళ్లీ ఇట్లయితే ఊకోను" అని నన్ను బెదిరించాడు. రెండ్రోజులు రాట్నం దగ్గరే ఏడ్చాను.

ఈ పొద్దున మళ్లీ పోగు తెగింది. రాట్నం ఆపి లేచాను. మగ్గం దగ్గరికి నడిచాను. సాయికిరణ్ చప్పున పైకొచ్చి, నా పీట మీద కూర్చున్నాడు. నేను గుంటలో దిగి పోగు అతికాను. అప్పుడే ఎవరో పెద్దమనిషి వాణ్ణి, "ఇదేం అంచు?" అని అడిగాడు.

"మా ఆమెనడుగుండ్రి" అన్నాడు వాడు.

గుమ్మంలో నిలబడ్డ సారు ఇంకా ఏమీ అనలేదు. అంటే అననీ, నేను గుంటలోంచి లేవను. పోగును అటూ ఇటూ దూకించే ఇక్కడి నాడె నా చేతికి కుదరడం లేదు. నువ్వు అటక మీద దాచిన మన నాడె తీసుకుని ఆదివారం రా.

నీ త్రివేణి