నీలం డబ్బా

ఓడలరేవు, 9-7-2001

రత్నమేరీకి దేవుడు తోడుండాలి. నేను బాగానే ఉన్నాను, చేతులు తప్ప.

ఈ ఫైబరు పడవల షెడ్డులో రెజిను జిగురు కలిపే పని నాదే కదా. మూడు నెలల్నించి వేళ్ళ సందుల్లో దురద, నీటిపొక్కులు. మొన్న రెప్పలు వాచి కళ్ళు మూసుకుపోయేయి. రెజిను గట్టిపడ్డానికి కలిపే మందు నా ఒంటికి పడలేదని డాక్టరు గారన్నారు. అంటురోగం మాత్రం కాదన్నారు. అంటేది కాకపోతే, పాప బుగ్గల మీద పొక్కులొచ్చేయని కిందటి కార్డులో రాయించేవే, అవెలా వచ్చేయి? ఈస్టరుకి నేను తెచ్చిన నీలం డబ్బా ఆ మందుదే. సర్ఫేసి మూడుసార్లు తోమేనని మురిసిపోయేను. పాపకి నీళ్ళు దాంతోనే పోస్తున్నావా?

కార్డు చదివిపెడుతున్న పోస్టుమేన్ సత్యం గారూ, ఇక్కడ ఆగండి. ముందు ఆ డబ్బా బయట పారేయించండి. మిగతాది తర్వాత చదువుదురుగాని.

పాపని రేపే రాజోలు తీసుకెళ్ళి డాక్టరుకి చూపించు. గేదె ఈనిందా? అత్తయ్యగారికి నా వందనాలు. పాప కోసం సంఘంలో ప్రార్థన చేయించు.

సత్యం గారూ, డబ్బా బయటికెళ్ళిందా అండీ?

దైవసహాయం