రేడియో మాట విని పోసుకున్న నీళ్లు

చోడవరం,
బుధవారం.

చిరంజీవి చెల్లెలు మంగతాయారుకు, నీ పెద్దన్నయ్య ఆశీర్వదించి రాసేది.

ఇన్నాళ్లూ నీ పేరు ముందు సౌభాగ్యవతి అని రాసిన చెయ్యి ఈసారి ఆగిపోయిందమ్మా. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. నీ ఒళ్లెలా ఉంది? దెబ్బలేమైనా తగిలాయా? తుఫాను తర్వాత మిమ్మల్ని ఉంచిన ఆ బడిలో వేళకు అన్నం పెడుతున్నారా? దాచకుండా రాయి.

కార్డు మీద నీ వంకర అక్షరాలు చూడగానే లేచి బయటికి పరుగెత్తాను. డెబ్బై ఏళ్ల ముసలివాణ్ణి, వీధిలో ఇంటింటికీ వెళ్లి నా చెల్లెలు బతికే ఉందని చెప్పి బెల్లం పంచాను. అంత సంతోషం నా పెళ్లినాడు కూడా ఎరగను. బావ సంగతి కింది వరుసల్లో ఉంది. పంచడం అయ్యాకే అది చదివాను.

నీ దగ్గర దాచలేను మంగా, విను. మూడేళ్ల క్రితం నేను కొడుకు దగ్గరికి వచ్చేసేదాకా మన ఊళ్లో పంచాయతీ రేడియోలో సాయంత్రం ఒక్కసారి వార్తలు వినేవాళ్లం కదా. ఇక్కడ పంచదార ఫ్యాక్టరీలో ఫిట్టరు పని చేసే మన సత్యం ఈ ఏడు ట్రాన్సిస్టరు కొన్నాడు. అది రాత్రనక పగలనక మోగుతూనే ఉంటుంది. తెలుగు వార్తలయితే హిందీ, అదయితే ఇంగ్లీషు, అదీ అయితే వేరే దేశం వాళ్లవి. తుఫాను నాటి నుంచి దాన్ని చెవి దగ్గర నుంచి తీయలేదు. అర్థం కాని భాషలో కూడా మన ఊరి పేరు కోసం వెతుక్కున్నాను. చెప్పిందే చెప్పేవారు, పోయినవాళ్ల లెక్క మాత్రం పెరిగేది. మూడోనాడు మధ్యాహ్నం మన ఊరి పేరు చెప్పి, అక్కడ ఎవరూ మిగల్లేదన్నారు; ఆ వెంటనే హిందీలోనూ ఇంగ్లీషులోనూ అదే పేరు వినబడింది.

సత్యం అప్పుడే చొక్కా తొడుక్కుని, "రైలు ఆగిపోయిన చోటి నుంచి నడుద్దాం నాన్నా, కళ్లతో చూసొద్దాం" అన్నాడు. పక్కింటి సింహాచలమ్మ కూడా, "రేడియోవోడు మీ సెల్లిని సూసేడేటి బాబూ? ఎల్లండి" అంది. నేను వినలేదు. అన్నిసార్లు, అన్ని భాషల్లో చెప్పింది తప్పెలా అవుతుందనుకున్నాను. నూతి దగ్గర తల మీద నీళ్లు పోసుకున్నాను. మీ ఇంట ఎవరూ లేరు గదా అని, నీ పేరూ బావ పేరూ చెప్పి నేనే నువ్వులూ నీళ్లూ వదిలాను.

నువ్వేమో అన్నయ్య వస్తాడని ఐదు రోజులు బడి మెట్ల మీదే కూర్చున్నానని రాశావు. నాలుగోనాడు బావ దొరికాడనీ, తలకొరివికి మనవాళ్లు లేక కరణంగారి పాలేరు పెట్టాడనీ రాశావు. పిల్లల్లేని మీకు సత్యమే కొడుకని బావ ఎన్నిసార్లు అన్నాడో. ఆ మధ్యాహ్నం బయలుదేరి ఉంటే అందేవాళ్లం. నీ కార్డులో ఒక్క నిష్ఠూరమూ లేదు. ఉంటే బాగుండేది.

"సచ్చిపోయిందని కబురొచ్చినోళ్లు నూరేళ్లు బతుకుతారు బాబూ" అంటోంది సింహాచలమ్మ. అది నీకు దీవెనో కాదో నాకు తెలియడం లేదు.

ఇక్కడ చలి మొదలైంది. చెరుకు ఆడుతున్నారు, ఊరంతా మడ్డి వాసన. కోడలు నీ కోసం వెనక గది కడిగి ఉంచింది. రావడం, రాకపోవడం నీ ఇష్టం. శుక్రవారం నేనూ సత్యమూ బయలుదేరుతున్నాం. రైలు పోయినంత దూరం పోయి, మిగతాది నడుస్తాం.

అక్కడ మిగిలిన పెద్దలకు నా నమస్కారాలు, పిల్లలకు దీవెనలు చెప్పు. బావ అస్థికలు మాత్రం ఇంకా కలపకపోతే, ఎవరు చెప్పినా కలపనివ్వకు. ఆ ఒక్క పనికైనా సత్యాన్ని అందనివ్వు తల్లీ.

నీ అన్నయ్య,
రామయ్య